పళ్లెం, పాట, బిల్లు: ప్రేమపాటల డిన్నర్ క్యాబరే ఎలా కుదురుతుంది?

గదిలో ఇరవై టేబుళ్లు, డెబ్బై మంది జనం. మూలన పియానో, దాని పక్కన మైకు. గాయని ఆ సాయంత్రానికంతటికీ బరువైన పాట ఎత్తుకుంది. వదిలి వెళ్లినవాడి నంబరు ఫోన్లోంచి తీసేయడానికి చెయ్యాడని అమ్మాయి పాట అది. రెండో చరణం సగంలో ఉండగా వెయిటర్ వచ్చి మూడో టేబుల్ మీద బిల్లు పెట్టాడు. అక్కడ కూర్చున్నాయన ఫోన్ టార్చి వేసి అంకెలు సరిచూసుకున్నాడు. ఆ వెలుగు పక్క టేబుళ్ల మీద పడింది, నాలుగు తలలు అటు తిరిగాయి. పాట అక్కడితో చచ్చిపోయింది. గాయని శ్రుతి తప్పలేదు, పియానో తడబడలేదు, వెయిటర్ కూడా చెప్పిన పనే చేశాడు. ఎనిమిదింపావుకి బిల్లులు పంచమని మేనేజరు చెప్పాడు, ఎనిమిదింపావుకి ఏ పాట నడుస్తుందో ఆయనకు ఎవరూ చెప్పలేదు.

డిన్నర్ క్యాబరే చెడిపోయే తీరు దాదాపు ఎప్పుడూ ఇదే. బయటినుంచి చూస్తే మంచి గొంతు, మంచి పాటలు, మంచి భోజనం ఉంటే చాలనిపిస్తుంది. నిజానికి వంటగది, బార్, పాట మూడూ ఒకే గదిలో మూడు వేర్వేరు గడియారాల ప్రకారం నడుస్తాయి. వాటిని ఒకే కాగితం మీదికి తేవడమే ఇందులో అసలు పని. ప్రేమ, డేటింగ్ గురించిన పాటలైతే ఈ పని ఇంకా సున్నితం, ఎందుకంటే ఆ పాటలు నవ్వు మీద, నిశ్శబ్దం మీద ఆధారపడతాయి. రెంటినీ చెడగొట్టడానికి ఒక్క ఫోర్కు చప్పుడు చాలు.

క్యాబరే అంటే మనవాళ్లకు గుర్తొచ్చేది

తెలుగులో క్యాబరే అనగానే జ్యోతిలక్ష్మి, జయమాలిని కాలపు సినిమా క్లబ్బు డాన్సులే మనసులో మెదులుతాయి. అసలు ఫ్రెంచి మాటకు అర్థం వైను పోసే చిన్న అంగడి. 1881 నవంబరులో రొడోల్ఫ్ సాలిస్ పారిస్‌లోని మోంమార్త్ర్ పేటలో 'ల షా న్వార్', అంటే నల్లపిల్లి, అనే చోటు తెరిచాడు. కవులూ పాటగాళ్లూ తాగేవాళ్ల మధ్యనే నిలబడి కొత్త పాటలు వినిపించేవారు. 1901లో ఎర్న్‌స్ట్ ఫాన్ వోల్ట్సోగెన్ దాన్ని బెర్లిన్‌కి తీసుకొచ్చాడు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి సెన్సార్ తొలగాక అక్కడి పాటలు ప్రేమ, డబ్బు, రాజకీయం అన్నిటినీ సూటిగా పట్టుకున్నాయి. 1933లో నాజీలు వచ్చి ఆ గొంతు నొక్కేశారు.

ఇప్పుడు మనం డిన్నర్ క్యాబరే అంటున్న రూపం మాత్రం న్యూయార్క్‌ది. అక్కడ అది చిన్నదిగా, ఒక గొంతు, ఒక పియానోతో నిలబడిపోవడానికి చట్టాలు కూడా కొంత కారణం. 1926 నాటి క్యాబరే చట్టం డాన్సు ఉండే చోట్లకు లైసెన్సు తప్పనిసరి చేసింది, అది రద్దయింది 2017లో. లైసెన్సు లేని హోటళ్లలో ముగ్గురికి మించి వాయిద్యకారులు ఉండకూడదన్న నియమం 1980ల చివర కోర్టు కొట్టేసే దాకా నడిచింది. 1944లో కేంద్ర ప్రభుత్వం పాట గాని డాన్సు గాని ఉన్న చోట తిండి, తాగుడు బిల్లు మొత్తం మీద 30 శాతం పన్ను వేసింది. అదే ఏడాది దాన్ని 20కి తగ్గించారు, పూర్తిగా పోవడానికి 1965 దాకా పట్టింది. వాయిద్యం ఒక్కటే ఉంటే ఆ పన్ను లేదు. అంటే నోరు తెరిచి పాడినందుకే పన్ను! ఇన్నిటి మధ్య బతికింది కాబట్టే ఈ కళ హంగులు వదులుకుని మాటను గట్టిగా పట్టుకుంది. క్యాబరే గాయని మేబెల్ మెర్సర్ కుర్చీలో కూర్చునే పాడేది. ఆవిడ మాట పలికే తీరు చూసి నేర్చుకున్నానని ఫ్రాంక్ సినాట్రా అంతటివాడు చెప్పుకున్నాడు. కార్లైల్ హోటల్లోని కెఫేలో బాబీ షార్ట్ 1968 నుంచి 2004 దాకా పియానో దగ్గర కూర్చుని పాడాడు. 2012లో మొదలైన క్యాబరే క్లబ్బు '54 బిలో' దాదాపు 150 సీట్ల గది, ఒకప్పటి పేరుమోసిన డిస్కో స్టూడియో 54 నేలమాళిగలో ఉంది.

కచేరీ హాల్లో గాయకుడికీ మొదటి వరసకీ మధ్య చీకటి ఉంటుంది. ఇక్కడ ఆ దూరం రెండు మీటర్లు. మొదటి టేబుల్ వాళ్ల గ్లాసులో ఎంత మిగిలిందో గాయనికి కనిపిస్తుంది. ఆవిడ కళ్లలో తడి వాళ్లకు కనిపిస్తుంది. ఈ దగ్గరితనం కోసమే జనం డబ్బు పెట్టి వస్తారు.

టికెట్టు ఎవరిది, బిల్లు ఎవరిది

న్యూయార్క్ పద్ధతిలో ప్రేక్షకుడు రెండు రకాల డబ్బు ఇస్తాడు. ఒకటి పాట కోసం కట్టే కవర్ ఛార్జి. రెండోది కనీస ఖర్చు, అంటే మనిషికి రెండు డ్రింకులు గాని, 20-30 డాలర్ల తిండి గాని తీసుకోవాలన్న షరతు. మొదటిసారి వచ్చేవాళ్లు ఈ రెండోదాన్ని గమనించక బిల్లు చూసి ఉలిక్కిపడతారు. టికెట్టు కొనే చోటే పెద్ద అక్షరాల్లో రాయకపోతే ఆ చిరాకు చివరి పాట మీద పడుతుంది.

కవర్ ఛార్జిలో గాయకులకు వాటా ఉంటుంది, తిండి డబ్బు మొత్తం హోటల్‌ది. ఒక లెక్క వేసి చూద్దాం. 60 మంది వచ్చారు, కవర్ 25 డాలర్లు, మొత్తం 1,500. గది, టెక్నీషియన్ల కింద హోటల్ 300 తీసుకుంది. మిగిలిన 1,200లో 70 శాతం, అంటే 840, గాయనికి. పియానో ఆయనకు 350, బాస్ వాయించినాయనకు 200 ఇస్తే ఆమెకు మిగిలేది 290. రిహార్సల్ గది అద్దె, ఫొటోలు, బట్టలు ఇంకా అందులోంచే పోవాలి. అదే రాత్రి హోటల్‌కు తిండి మీద వచ్చేది ఇంతకు ఎన్నో రెట్లు. కాబట్టి హోటల్ ఎప్పుడూ ఇంకో రౌండు డ్రింకులు అమ్మాలని చూస్తుంది, గాయని ఎప్పుడూ ఆ పది నిమిషాలు ఎవరూ కదలకూడదని కోరుకుంటుంది. ఇద్దరి కోరికా న్యాయమైనదే. ఒప్పందంలో డబ్బుతో పాటు ఏ నిమిషానికి సర్వీసు ఆపాలో కూడా రాసుకోవాలి.

డెబ్బై నిమిషాల లెక్క

క్యాబరే సెట్ 60 నుంచి 75 నిమిషాలు. 14 పాటలు, ఒక్కోటి సగటున మూడున్నర నిమిషాలనుకుంటే 49. మధ్యలో మాటలకు 12, చప్పట్లకు 4, నవ్వులకు 3. మొత్తం 68. కాగితం మీద పాటల నిడివి మాత్రమే కూడి ఇంకో నాలుగు పాటలు పట్టిస్తే రెండో ఆట జనం బయట చలిలో నిలబడాల్సి వస్తుంది.

ఆట ఏడున్నరకైతే తలుపులు ఆరుకే తెరవాలి. గంటన్నర ఎందుకంటే వంటగది లెక్క అలా ఉంటుంది. ఒక్కో ప్లేటు సర్దడానికి అరనిమిషం పట్టినా 70 ప్లేట్లకు 35 నిమిషాలు. అందరూ ఏడింటికి వచ్చి కూర్చుంటే సగం మంది పళ్లేలు నాలుగో పాటలో వస్తాయి. ఆరు, ఆరుంపావు, ఆరున్నర అని రిజర్వేషన్లనే విడగొట్టాలి. మెయిన్ కోర్సు ఆర్డర్లు ఆరూయాభై కల్లా వంటింటికి చేరాలి, ఏడూఇరవైకి ప్లేట్లన్నీ టేబుళ్ల మీద ఉండాలి. మెనూలో మెయిన్ కోర్సు మూడే ఉంచి, అందులో రెండు ముందే వండిపెట్టి వేడి చేసి వడ్డించేవైతే ఇది సాధ్యం. పన్నెండు రకాలు పెడితే ఎంత మంచి వంటవాడికైనా సాధ్యం కాదు.

మొదటి పావుగంట జనం ఇంకా తింటూనే ఉంటారు. అప్పుడు హుషారు పాటలే వేయాలి. తల ఎత్తి చూస్తూ నమలగలిగే పాటలు. ఏడూనలభైఐదు నుంచి ఎనిమిది దాకా హాస్యం పాటలు, వాటి చప్పట్ల మధ్యలో ప్లేట్లు తీసేయాలి. వెయిటర్లు పాట నడుస్తుండగా ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు, చేతికి రెండు చొప్పున మోసుకెళ్లాలి. ఎనిమిదికి రెండో రౌండు డ్రింకులు. ఎనిమిదీపది నుంచి ఎనిమిదీఇరవైఐదు దాకా వెయిటర్లందరూ గోడ పక్కన నిలబడిపోవాలి. బరువైన పాటలు వచ్చేది ఆ పదిహేను నిమిషాల్లోనే. బిల్లులు ఆ తర్వాత వచ్చే హుషారు పాటలో గాని, ఇంకా మంచిది ఆఖరి పాట అయ్యాక గాని. అన్నిటికంటే మేలైన పద్ధతి భోజనం డబ్బు టికెట్టుతో పాటే తీసేసుకోవడం. అప్పుడు రాత్రి తేలాల్సింది డ్రింకుల లెక్క ఒక్కటే.

తిండిలో ఏది పనికొస్తుందో చప్పుడే చెబుతుంది. మసక వెలుతురులో, ఒక చేత్తో, చూడకుండా తినగలిగేది కావాలి. ముళ్ల చేప వద్దు, కోసుకు తినాల్సిన గట్టి మాంసం వద్దు. హైదరాబాద్‌లో ఇలాంటి సాయంత్రం పెట్టేవాళ్లు రెండు పొరపాట్లు చేయకుండా ఉంటే సగం గండం గడిచినట్టే. ఒకటి సిజ్లర్: ఆ చుయ్యిమనే చప్పుడు పాటను ముంచేస్తుంది, పొగ పాడేవాళ్ల గొంతులోకే వెళ్తుంది. రెండోది మసాలా పాపడ్: నలభై మంది ఒకేసారి పాపడ్ విరిస్తే ఏ మైకూ దాన్ని దాటలేదు. బిర్యానీ పెట్టాలనుకుంటే ఎముకల్లేని ముక్కతో చిన్న గిన్నెల్లో పెట్టండి, ఆట మొదలవకముందే అయిపోవాలి.

బార్‌లో షేకర్ ఊపడం పది పదిహేను సెకన్ల గోల. కాక్‌టెయిళ్లు నాలుగైదు రకాలు ముందే కలిపి సీసాల్లో పెట్టుకుంటే గ్లాసులో ఐసు వేసి పోయడమే మిగులుతుంది. బ్లెండరు ఆ పూటకు ప్లగ్గు తీసేయాలి. కాఫీ మెషీన్ ఆవిరి చప్పుడు కూడా ఎనిమిదీపది తర్వాత వినిపించకూడదు.

ప్రేమపాటల వరస

పద్నాలుగు పాటల్లో హుషారువి ఐదు, నవ్వించేవి నాలుగు, నడిమి నడకవి రెండు, నెమ్మదివి మూడు. ఈ పాళ్లు దాటితే ఏదో ఒకటి బరువెక్కుతుంది. మన కచేరీ తెలిసినవాళ్లకు దీని లోపలి తర్కం కొత్తగా అనిపించదు. వర్ణంతో గొంతు, సభ రెండూ వేడెక్కుతాయి, ప్రధాన కృతి మూడింట రెండు వంతుల దగ్గర వస్తుంది, జావళి, తిల్లానాతో తేలికపడతాం. క్యాబరేలోనూ మొదటి పాటకు ముందు మాట ఉండకూడదు. పాడేశాకే నమస్కారం. గుండెను పట్టే నెమ్మది పాట తొమ్మిదోది గాని పదోది గాని. దాని తర్వాత ఒక్క మాటా మాట్లాడకుండా, చప్పట్లు పూర్తిగా ఆగాక, నడిమి నడక పాటలోకి వెళ్లాలి. రెండు నెమ్మది పాటలు వెంటవెంటనే వస్తే, అదీ ఒకే శ్రుతిలో, రెండోది ఎవరికీ గుర్తుండదు.

విషయం దగ్గర చాలామంది జారిపడతారు. నేటి ప్రేమ అంటే డేటింగ్ యాప్ అనుకుని పద్నాలుగు పాటలూ దాని మీదే రాస్తారు. ఐదో పాటకల్లా ఆ నవ్వు అరిగిపోతుంది. పాడే మనిషి మారాలి: ప్రొఫైల్లో ఫొటో పెట్టడానికి గంట తంటాలు పడే ఇరవైనాలుగేళ్ల కుర్రాడు, సంబంధం ఏమిటో పేరు పెట్టకుండా ఏడాది గడిపిన ముప్ఫైఎనిమిదేళ్ల ఆవిడ, భార్య పోయాక మళ్లీ ఒకరికి మెసేజ్ పెట్టాలా వద్దా అని వేలు ఆపుకునే అరవైఐదేళ్ల పెద్దాయన. ఆ పెద్దాయన పాట ఒక్కటి ఉంటే సాయంత్రం మొత్తానికి లోతు వస్తుంది. పరిచయం, ఎదురుచూపు, మొదటి కాఫీ, పేరు లేని బంధం, జవాబు రాకపోవడం, ఇంట్లోవాళ్ల ప్రశ్నలు, కలిసి బతకడం, గిన్నెలు ఎవరు తోమాలన్న తగువు, విడిపోవడం, మళ్లీ ధైర్యం చేయడం. ఈ మెట్లన్నీ ఎక్కాలి.

యాప్ పేర్లు, బటన్లు పాటను త్వరగా ముసలిదాన్ని చేస్తాయి. టిండర్ 2012లో వచ్చింది, వాట్సాప్‌లో నీలి టిక్కులు 2014 నవంబరులో వచ్చాయి. అప్పుడు సంచలనమైన మాట ఇప్పుడు వంటింటి మాట. పాట నిలవాలంటే బటన్ కింద ఉన్న బాధను పట్టుకోవాలి. ఆ బాధకు మన దగ్గర ఎప్పుడో పేర్లు పెట్టారు. అష్టవిధ నాయికల్లో విప్రలబ్ధ ఉంది కదా, చెప్పిన చోటికి వెళ్లి కూర్చుంటే అతను రాలేదు. ఇప్పుడు దాన్ని ఘోస్టింగ్ అంటున్నాం. ఎక్కడో రాత్రి గడిపి తెల్లారి వచ్చినవాణ్ని నిలదీసే ఖండిత, ఎవరి ఫొటో కింద గుండె గుర్తు పెట్టాడో చూసి నిలదీసే అమ్మాయి ఒక్కరే. తెలుగులో పదాలనే శృంగార కీర్తనలు, జావళీలు రాసినవాళ్లు ఈ కోపాన్నీ, ఎత్తిపొడుపునీ వాడుక మాటల్లో పెట్టారు. క్యాబరే పాట రాయబోయే తెలుగువాళ్లకు ఇంతకంటే మంచి బడి దొరకదు.

నవ్వు ఎక్కడ పడాలి

హాస్యం పాటలో నవ్వు పుట్టించే మాట వాక్యం చివర ఉండాలి. దాని తర్వాత ఒక్క అక్షరం వచ్చినా నవ్వు దాని కింద నలిగిపోతుంది. ఇంగ్లీషులో నామవాచకం చివరికి రావడం తేలిక. తెలుగులో క్రియ చివర కూర్చుంటుంది, చిక్కంతా అక్కడే. "ఆదివారం కాఫీకి వాళ్లమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు" అని రాస్తే నవ్వు 'వాళ్లమ్మ' దగ్గర పుట్టి, మిగతా మాటలు ఆగేలోపు చల్లారిపోతుంది. "ఆదివారం కాఫీకి వచ్చాడు, చేతిలో పువ్వు, పక్కన... వాళ్లమ్మ!" అంటే మాట పడిన చోటే నవ్వు పేలుతుంది. క్రియను ముందే వాడేసి దారి ఖాళీ చేయడం, ఇదే సూత్రం.

ప్రాసది ఇంకో కథ. తెలుగు అజంత భాష, మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. పైగా వచ్చాడు, తిన్నాడు, పడుకున్నాడు అంటూ క్రియలన్నీ ఒకే తోకతో వస్తాయి. ఆ తోకను తోకతో కలిపితే చెవికి ప్రాస అనిపించదు, ఊరికే వ్యాకరణం అనిపిస్తుంది. నవ్వించే అంత్యప్రాసకు వెనక నుంచి రెండు మూడు అక్షరాలు కలవాలి, ఒకటి కొత్త మాట, ఇంకొకటి పాత మాట అయితే మరీ మంచిది. ఉదాహరణకు:

ఫోన్లో రెండు నీలి టిక్కులు,
గదిలో నాకు నాలుగు దిక్కులు.

'టిక్కులు' విన్నప్పుడు ఏం రాబోతుందో తెలియదు. 'దిక్కులు' రాగానే దిక్కులు చూస్తూ కూర్చున్న మనిషి కళ్లముందు కనిపిస్తుంది. 'క్కు' అన్న ద్విత్వం తాళం మీద ఠక్కున పడుతుంది కూడా. నెమ్మది పాటలో దీనికి తిరగేసి ఆలోచించాలి: పైస్థాయిలో నిలబెట్టే స్వరం మీద ఆ, ఓ లాంటి అచ్చులు పెడితే గొంతు విచ్చుకుంటుంది, ఇ, ఉ పెడితే బిగుసుకుంటుంది.

నవ్వు వచ్చాక ఏం చేయాలో పియానో ఆయనకు తెలిసి ఉండాలి. అరవై మంది నవ్వు మూడు నాలుగు సెకన్లు ఉంటుంది. నిమిషానికి 120 దెబ్బల నడకలో నాలుగు దెబ్బల ఆవర్తం రెండు సెకన్లు, అంటే రెండు ఆవర్తాలు తిప్పుతూ ఉండాలి. నవ్వు సగానికి తగ్గగానే గాయని ఊపిరి తీసుకుంటుంది, ఆ ఊపిరే సైగ. నవ్వు రాకపోతే తిప్పకుండా ముందుకు పోవాలి. రాని నవ్వు కోసం ఆగడమంత ఇబ్బందికరమైన క్షణం ఆ గదిలో ఇంకోటి ఉండదు.

పాటకీ పాటకీ మధ్య మాట అర నిమిషం నుంచి నిమిషంన్నర. పాటలో వచ్చే సంగతి ముందే చెప్పేస్తే పాట వృథా. మాట పాట గుమ్మం దాకా తీసుకెళ్లి ఆగాలి, ఆ ఆఖరి వాక్యం కిందనే పియానో మొదలవ్వాలి. అందుకే మాటలన్నీ రాసుకుని, ప్రతిదాని ఆఖరి వాక్యాన్ని లైటు, సౌండు చూసేవాళ్ల కాగితంలో కూడా రాయాలి. అప్పటికప్పుడు తోచింది మాట్లాడతామని వచ్చేవాళ్లు పన్నెండు నిమిషాలు అనుకున్నది ఇరవైఐదు చేస్తారు.

శ్రుతి విషయానికొస్తే, రికార్డులో ఉన్న శ్రుతిలో పాడాలన్న నియమం లేదు. రెండు మూడు అర స్వరాలు దించితే మాట్లాడే గొంతుకు దగ్గరవుతుంది. రెండు మీటర్ల దూరంలో ఉన్న మనిషికి గుట్టు చెప్పినట్టుంటుంది. పియానోతో కనీసం మూడు నాలుగు రిహార్సల్స్, ఒక్కోటి రెండు గంటలు కావాలి.

చెంచాల మధ్య మాట వినిపించాలంటే

జనం తింటూ మాట్లాడుకునే హోటల్ గదిలో చప్పుడు 70 డెసిబెల్స్ దాకా ఉంటుంది. పాటలోని మాట అర్థం కావాలంటే గొంతు దానికి పది డెసిబెల్స్ పైన ఉండాలి. ఒకే చోట రెండు పెద్ద స్పీకర్లు పెట్టి పెంచితే ముందు టేబుళ్లకు చెవులు గింగురుమంటాయి, వెనకవాళ్లకు ఏమీ అర్థం కాదు. చిన్న స్పీకర్లు గది పొడవునా పెట్టి, వెనకవాటికి ఆలస్యం ఇవ్వాలి: ధ్వని సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది, కాబట్టి పది మీటర్ల వెనక స్పీకరుకు 29 మిల్లీసెకన్లు. ఇది మరిస్తే ప్రతి మాటా రెండుసార్లు వినిపించి హల్లులు అలుక్కుపోతాయి.

మైకు సాధారణ డైనమిక్ రకమే మంచిది. షూర్ ఎస్‌ఎం 58 లాంటివి దూరపు చెంచాల చప్పుడును తక్కువ పట్టుకుంటాయి. మిక్సర్లో 80-100 హెర్ట్జ్ కింద కోసేయాలి, హల్లుల స్పష్టత ఉండే 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య రెండు మూడు డెసిబెల్స్ పెంచాలి. పెంచుతుండగా మైకు కూత పెడితే అక్కడితో ఆపి, గాయని ముందున్న మానిటర్ స్పీకరు తగ్గించాలి. రివర్బ్, అంటే మిక్సర్ కలిపే ప్రతిధ్వని, పాటలో కొద్దిగా, మాటలో అసలు వద్దు. మాట్లాడేటప్పుడూ గుహలోంచి వచ్చినట్టుంటే ఎదురుగా కూర్చున్న మనిషితో మాట్లాడుతున్న భావనే పోతుంది. పియానో మూత చిన్న కర్ర మీద మాత్రమే ఎత్తాలి.

లైటుకు ఒకటే జాగ్రత్త. నవ్వు పాట చివర ఒక్కసారిగా చీకటి చేయడం బాగుంటుంది, కానీ అప్పుడు ట్రే పట్టుకున్న వెయిటర్ మధ్యలో ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. టేబుల్ దీపాలు ఎప్పుడూ వెలుగుతూ ఉండాలి, చీకటి స్టేజి మీదే.

పాడే హక్కు

ఇందులో అందరినీ తికమక పెట్టేది ఈ భాగం. అమెరికాలో ఇంకొకరి పాట పాడటానికి హోటల్ ఏడాదికోసారి ఆస్కాప్, బీఎంఐ, సెసాక్ లాంటి సంస్థల దగ్గర లైసెన్సు తీసుకుంటుంది, గాయని విడిగా కట్టనక్కర్లేదు. అయితే ఆ లైసెన్సు పాటను పాటగా పాడటానికే. ఒక సంగీత నాటకంలోని ఐదారు పాటలు తీసుకుని, వేషాలు వేసి, మధ్యలో సంభాషణలతో అదే కథ నడిపిస్తే అది నాటక ప్రదర్శన అవుతుంది. దానికి హక్కుదారుల దగ్గర విడిగా అనుమతి తీసుకోవాలి. ప్రేమకథలా అల్లిన సాయంత్రాలు తెలియకుండానే ఈ గీత దాటుతుంటాయి. వేర్వేరు చోట్ల పాటలు తీసుకుని, సొంత మాటలతో కలిపితే ఆ చిక్కు రాదు.

పాత బాణీకి కొత్త డేటింగ్ సాహిత్యం కట్టడం కూడా అంతే. లైసెన్సు ఉన్నంత మాత్రాన మాటలు మార్చే హక్కు రాదు. ఆ పాటనే వెక్కిరిస్తే పేరడీగా కొంత రక్షణ ఉంది, బాణీని వాడుకుని లోకాన్ని వెక్కిరిస్తే ఆ రక్షణ బలహీనం. 1994లో అమెరికా సుప్రీంకోర్టు ఈ తేడా స్పష్టంగా చెప్పింది. మన దేశంలో సాహిత్యం, బాణీల హక్కులకు ఐపీఆర్‌ఎస్ (ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ) ఉంది. పియానో బదులు రికార్డయిన ట్రాక్ వాడితే ఆ రికార్డింగ్‌కి వేరే హక్కుదారు ఉంటాడు. కొత్త పాటలు రాయించుకుంటే ఖర్చు ముందు ఎక్కువ అనిపిస్తుంది గానీ తలనొప్పి లేదు.

హైదరాబాద్, విశాఖల్లో రూఫ్‌టాప్ హోటళ్లకు ఇంకో గడియారం కూడా ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బయట మైకు వాడకూడదు, మూసి ఉన్న హాళ్లకు మినహాయింపు. తొమ్మిదిన్నర ఆట టెర్రస్ మీద పెడితే బరువైన పాట దగ్గరికి రాకముందే పది కొడుతుంది. టెర్రస్ అయితే ఒకే ఆట పెట్టుకోండి, ఏడున్నరకు మొదలుపెట్టి ఎనిమిదీనలభైకి ముగించండి. డెజర్టు మాత్రం ఆఖరి పాట తర్వాతకు ఉంచండి. పుడ్డింగ్ గిన్నె ముందు పెట్టుకుని జనం ఇంకో అరగంట కూర్చుంటారు, ఒకరి కథలు ఒకరు చెప్పుకుంటారు. బార్‌కు రావలసిన చివరి రౌండు అప్పుడు వస్తుంది. షేకర్ ఎంత గట్టిగా ఊపినా ఇప్పుడు ఇబ్బంది లేదు.